'తొలి కథానాయిక' అన్న బిరుదు వెనుక: సురభి కమలాబాయి నటజీవితం – ఒక పరిశీలన

తెలుగు సినిమా చరిత్ర చెప్పేవారు సురభి కమలాబాయి పేరును మొదటి పుటల్లోనే తలుస్తారు. తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించిన నటిగా, తెలుగు తెర తొలి కథానాయికగా ఆమె స్థానం స్థిరపడింది. నాటకరంగ చరిత్రల్లో ఆమె పేరు సురభి సమాజాల ప్రస్తావనలో, ఆ కుటుంబాల నటీమణుల వరుసలో కనిపిస్తుంది. సాధారణంగా ఈ రెండు చోట్లా ఆమెకు దక్కేది ఒకటి రెండు వాక్యాలే. సినిమా చరిత్రకు ఆమె ఒక ప్రారంభ బిందువు. నాటక చరిత్రకు ఒక ఉదాహరణ. రంగస్థలం మీద పెరిగి, బొంబాయి వెళ్ళి టాకీల్లో నటించి, రెండు దశాబ్దాల తర్వాత తల్లి పాత్రలో తెలుగు ప్రేక్షకులకు కనిపించిన ఒక నటి వృత్తిజీవితం ఈ రెండు పద్ధతుల మధ్య ముక్కలైపోయింది.

ఆ ముక్కలను ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మూడు విషయాలను పరిశీలించవలసి ఉంది. స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తున్న కాలంలో సురభి నటీమణికి రంగస్థలం ఎలా సాధ్యమైంది? ఆ రంగస్థల శిక్షణ తొలి టాకీకి ఏ విధంగా ఉపకరించింది? సినిమా ఆమెకు ఇచ్చిన గుర్తింపు ఆమె నటజీవితంలో దేనిని మరుగుపరచింది? ఈ మూడింటికి సమాధానాలు వెదికితే ఒక వ్యక్తి చరిత్రతోపాటు, తెలుగు నాటకరంగ చరిత్రను రాస్తున్న తీరు కూడా చర్చకు వస్తుంది.

స్త్రీ పాత్ర – స్త్రీ నటి

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను సాధారణంగా 1880 నుంచి లెక్కిస్తారు. ధార్వాడ నాటక సమాజం తెలుగుదేశంలో ఇచ్చిన ప్రదర్శనల ప్రేరణ, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేయడం ఆ ఆరంభానికి గుర్తులు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. విజయనగరంలో 1892లో 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శితమైంది. ఈ సభలన్నీ చదువుకున్న పురుషుల సమావేశాలు. వకీళ్ళు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, గుమాస్తాలు వాటిలో సభ్యులు. అక్కడ చంద్రమతి, చిత్రాంగి, సత్యభామ, మధురవాణి అందరూ పురుషులే.

ఈ ఏర్పాటును అనాదిగా వస్తున్న సంప్రదాయంగా భావించడం సరికాదు. కూచిపూడి భాగవతుల మేళాల్లో పురుషులే స్త్రీ పాత్రలు ధరించేవారన్నది నిజమే. అయితే అదే కాలంలో కళావంతుల మేళాల్లో స్త్రీలు ఆడి పాడేవారు. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకంలో మద్రాసు రాజధానిలో బలపడిన భోగం మేళాల వ్యతిరేకోద్యమం ఆ కళాకారిణుల బహిరంగ ప్రదర్శనను నైతిక సమస్యగా మార్చింది. వీరేశలింగం ఆ ఉద్యమానికి తెలుగునాట ప్రధాన ప్రతినిధి. ఆధునిక నాటకశాల నిర్మాత, మేళాల వ్యతిరేకి ఒకే వ్యక్తి కావడం యాదృచ్ఛికం కాదు. కొత్త నాటకశాలకు గౌరవం దక్కాలంటే అది మేళానికి భిన్నమని చూపించుకోవలసి వచ్చింది. కులస్త్రీ వేదిక ఎక్కదు. కళావంతురాలిని వేదిక ఎక్కనివ్వరు. మిగిలిన ఖాళీని పురుషుడు నింపాడు.

ఆ ఖాళీని నింపినవారి ప్రతిభను తక్కువ చేయవలసిన పని లేదు. స్థానం నరసింహారావు (1902–1971) తెనాలి రామవిలాస సభ వేదికపై సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా సాధించిన సౌకుమార్యం తెలుగు నటనకు ప్రమాణమైంది. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తన అనుభవాలను 'నటస్థానం'గా గ్రంథస్థం చేయగలిగాడు. ఇక్కడ గమనించదగినది వేరొకటి. స్త్రీ పాత్రాభినయం గురించిన మన విమర్శ పరిభాష చాలావరకు స్త్రీ వేషధారులైన పురుషులను చూసి ఏర్పడింది. స్త్రీ పాత్రను స్త్రీయే ధరిస్తే దానిని సహజమైనదిగా భావించి, దాని వెనుక ఉన్న శిల్పాన్ని ప్రత్యేకంగా గుర్తించకపోవడం ఆ పరిభాష మిగిల్చిన ఫలితం. సురభి నటీమణులు చరిత్రలో మసకబారడానికి ఇది ఒక కారణం.

స్త్రీలు నాటకరంగానికి రావాలని గట్టిగా వాదించినవాడు బళ్ళారి రాఘవ (1880–1946). ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావంతులైన గృహిణులు వేదిక ఎక్కారు. పి.వి. రాజమన్నారు 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలు అటువంటి నటీమణుల వల్ల కొత్త అర్థాన్ని సంతరించుకున్నాయి. ఇది సాహసోపేతమైన సంస్కరణ. నాటకరంగంలో స్త్రీ ప్రవేశాన్ని ఈ ఘట్టంతో ప్రారంభించి చెప్పడం మాత్రం చరిత్రను ఒక వర్గానికి పరిమితం చేయడమే అవుతుంది. రాఘవ బృందంలో స్త్రీలు అడుగుపెట్టేనాటికే సురభి కుటుంబాల స్త్రీలు తరాలుగా ఊరూరా నాటకాలాడుతున్నారు.

కుటుంబమే సమాజం

సురభి చరిత్ర 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైందని ప్రసిద్ధి. వనారస వంశీకులు మహారాష్ట్ర మూలాలున్నవారు. తోలుబొమ్మలాట వారి కులవృత్తి. తెర వెనుక బొమ్మను ఆడిస్తూ పద్యం పాడి, సంభాషణ పలికిన కుటుంబం, బొమ్మను పక్కనపెట్టి తానే తెర ముందుకు వచ్చింది. వనారస గోవిందరావు నాయకత్వంలో స్థిరపడిన ఈ నాటక సమాజం తర్వాతి తరాల్లో అన్నదమ్ముల, అల్లుళ్ళ శాఖలుగా విస్తరించి, ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలుగా తెలుగునాట సంచరించింది.

తోలుబొమ్మలాటలో కుటుంబ స్త్రీలు గొంతు ఇవ్వడం మామూలే. బొమ్మలాట నుంచి నాటకానికి వచ్చినప్పుడు ఆ గొంతుకు శరీరం కూడా తోడైంది. కాబట్టి సురభిలో స్త్రీ వేషం స్త్రీయే వేయడాన్ని సంస్కరణ ఫలితంగా కంటే, వృత్తి కొనసాగింపుగా అర్థం చేసుకోవడం సమంజసం. సభల నాటకశాలలో నటుడు పగటి ఉద్యోగం ముగించుకుని సాయంత్రం నటుడయ్యేవాడు. సురభిలో నాటకమే జీవనాధారం. వంట చేసేవారు, తెరలకు రంగులు వేసేవారు, హార్మోనియం వాయించేవారు, తీగలు లాగి నారదుణ్ణి ఆకాశంలో నడిపించేవారు, రాణి వేషం వేసేవారు అందరూ ఒకే ఇంటివారు.

ఈ ఏర్పాటు నటికి రెండు పనులు చేసింది. కళావంతుల చుట్టూ సమాజం పోగుచేసిన అనుమానం నుంచి సురభి నటిని కొంతవరకు కాపాడింది. ఆమె పక్కన కథానాయక పాత్ర ధరించేవాడు తరచూ భర్తో, బంధువో. తండ్రి, మామ, అన్న అక్కడే ఉంటారు. గృహిణి అనే గౌరవం, నటి అనే వృత్తి ఒకే వ్యక్తిలో ఇమిడాయి. మరోవైపు, కుటుంబం ఆర్జన చేసే ఘటకం కావడంతో నటి శ్రమకు విడిగా లెక్క లేకుండా పోయింది. నాటకం ఆడినది సమాజం, ఆర్జించినది సమాజం, పేరు పొందినదీ సమాజమే. నటికి రక్షణ కల్పించిన వ్యవస్థే ఆమెను చరిత్రకు అందకుండా చేసింది. సురభి అన్న ఇంటిపేరు వంటి మాట పేరుకు ముందు చేరడం ఈ ద్వంద్వానికి చిహ్నం. కమలాబాయి సినిమాకు వెళ్ళినా ఆ మాటను వెంట తీసుకువెళ్ళింది. అది ఆమెకు పరిచయపత్రం, ఆమె వ్యక్తిత్వానికి హద్దు కూడా.

జన్మకథ: ఐతిహ్యం చెప్పే సత్యం

కమలాబాయి ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో సురభి కుటుంబంలో జన్మించింది. ఆమె పుట్టుక గురించి ఒక కథ విస్తృత ప్రచారంలో ఉంది. నిండు గర్భిణి అయిన తల్లి దమయంతి పాత్రలో నటిస్తుండగా నొప్పులు వచ్చాయని, రంగస్థలం మీదే బిడ్డను ప్రసవించిందని, మొదట అది నాటకంలో భాగమనుకున్న ప్రేక్షకులు సంగతి తెలిశాక డబ్బులు వర్షించారని ఆ కథ చెబుతుంది. కమలాబాయిని గురించిన సంక్షిప్త పరిచయాల్లో ఇది తరచూ పునరుక్తమవుతుంది.

ఈ కథను వాస్తవంగా స్వీకరించడమా, కల్పనగా తోసివేయడమా అన్న ప్రశ్న కంటే, అది ఏ జీవన పరిస్థితిని నిక్షిప్తం చేసుకుందో చూడడం ఉపయోగకరం. వృత్తి కుటుంబాల మౌఖిక చరిత్రల్లో జన్మకథలకు ఒక పని ఉంటుంది. అవి వ్యక్తికి, వృత్తికి మధ్య విడదీయరాని బంధాన్ని స్థాపిస్తాయి. వేదిక మీద పుట్టినదాన్ని వేదికకు చెందినదానిగా కాక మరోలా చెప్పడం సాధ్యం కాదు. ఇది కథ పైపొర.

లోపలి పొరలో శ్రమ ఉంది. నిండు నెలల్లో ఉన్న స్త్రీ కూడా ఆ రాత్రి వేషం వేయవలసి రావడం కథకు ఆధారభూతమైన విషయం. విశ్రాంతికి వీలులేని సంచార జీవితం, పాత్రకు మారుగా వేరొకరు దొరకని పరిస్థితి, ఒక ప్రదర్శన ఆగితే ఆ రోజు పొయ్యి వెలగని ఆర్థికస్థితి – ఇవేవీ చెప్పకుండానే కథ వీటన్నిటినీ చెబుతుంది. పురిటినొప్పులను ప్రేక్షకులు అభినయంగా పొరబడడం మరింత లోతైనది. నటి దేహబాధకూ నటనకూ మధ్య భేదం చూసేవారికి తెలియలేదు. ప్రేక్షకుల విస్మయాన్ని, ఔదార్యాన్ని గుర్తుంచుకున్న కథ, ఆ తల్లి మళ్ళీ ఎప్పుడు వేదిక ఎక్కిందో గుర్తుంచుకోలేదు. నటీమణుల చరిత్రకు మౌఖిక కథనం అవసరమే. దానిని చదవవలసిన తీరు మాత్రం ఇటువంటి మౌనాలను కూడా లెక్కలోకి తీసుకునేదై ఉండాలి.

పాత్రల నిచ్చెన

సురభి పిల్లలకు నటన విడిగా నేర్పే పాఠశాల అంటూ లేదు. ఊయలలో ఉన్నప్పటి నుంచి పద్యాలు చెవిన పడతాయి. నడక రాగానే చిన్ని కృష్ణుడు, ఆ తర్వాత ప్రహ్లాదుడు, లవకుశులు. కమలాబాయి కూడా బాల్యంలో ఇటువంటి పాత్రలే ధరించింది. వయసుతోపాటు నాయిక పాత్రలు వస్తాయి. ఆ పైన తల్లులు, అత్తలు, వృద్ధ పాత్రలు. ఒకే నాటకాన్ని నటి తన జీవితంలో మూడు నాలుగు స్థానాల నుంచి ఆడుతుంది. 'భక్త ప్రహ్లాద'లో బాలిక ప్రహ్లాదుడై మొదలుపెట్టి లీలావతిగా ఎదుగుతుంది. తాను బిడ్డగా పాడిన పద్యాలను తర్వాత తల్లి స్థానంలో నిలబడి వింటుంది.

ఈ నిచ్చెన పద్ధతి వల్ల నటికి నాటకం మొత్తం కంఠస్థమవుతుంది. తన పాత్రతోపాటు ఎదుటి పాత్ర లయ, విరామం, ప్రవేశ నిష్క్రమణలు ఆమెకు తెలుసు. మైకులు లేని కాలంలో డేరా చివరి వరుస వరకూ వినబడేలా పద్యం ఎత్తుకోవడం, హార్మోనియం శ్రుతికి కంఠాన్ని నిలపడం, 'వన్స్ మోర్' కేక పడితే అలసట కనబడకుండా తిరిగి పాడడం ఈ శిక్షణలో భాగం. బాణాలు గాలిలో ఢీకొనడం, మనుషులు మాయమవడం, ఘటోత్కచుడు ఆవిర్భవించడం వంటి యంత్ర చమత్కారాలకు పేరుపొందిన సురభి వేదికపై నటి మరొక క్రమశిక్షణ కూడా అలవరచుకోవాలి. తీగ లాగే క్షణానికి, తెర పడే క్షణానికి సరిగ్గా తన అడుగు పడాలి. యంత్రంతో కలిసి నటించడం సినిమాకు ముందే సురభి నటికి పరిచయం.

సురభి పద్ధతిలో వయసు మళ్ళడం నటికి వృత్తిచ్యుతి కాదన్నది గమనార్హం. పాత్ర మారుతుంది, పని కొనసాగుతుంది. కొత్త తరానికి పాత పాత్ర నేర్పే బాధ్యత చేరుతుంది. సినిమాలోని వయసు వ్యవస్థ దీనికి భిన్నమైనది. కమలాబాయి ఈ రెండు వ్యవస్థలనూ చూసింది.

'భక్త ప్రహ్లాద': తేదీ మారితే మారే చరిత్ర

ఆర్దేషిర్ ఇరానీ నిర్మించిన 'ఆలం ఆరా' 1931 మార్చి 14న విడుదలై భారతీయ టాకీ యుగానికి తెర ఎత్తింది. ఆ సంస్థతో సంబంధమున్న హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న వచ్చింది. టి.పి. రాజలక్ష్మి నాయికగా నటించిన ఆ చిత్రం ప్రధానంగా తమిళమైనా అందులో తెలుగు కూడా వినిపించింది. పూర్తిగా తెలుగులో తయారైన 'భక్త ప్రహ్లాద' కూడా హెచ్.ఎం. రెడ్డిదే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. పాటల రచయిత చందాల కేశవదాసు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడిగా, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడిగా, కమలాబాయి లీలావతిగా నటించారు. ఎల్.వి. ప్రసాద్ ఒక చిన్న పాత్రలో కనిపించాడు.

ఈ చిత్రం 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు నమ్మకం కొనసాగింది. ఆనాటి పత్రికా ప్రకటనలను, సెన్సార్ వివరాలను పరిశీలించిన రెంటాల జయదేవ, చిత్రానికి 1932 జనవరి 22న సెన్సార్ ధ్రువీకరణ లభించిందని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో విడుదలైందని నిరూపించారు. ఈ సవరణను సినీ చరిత్రకారులు సాధారణంగా తొలి తెలుగు టాకీ పుట్టినరోజుకు సంబంధించిన విషయంగా చర్చించారు. నటి వైపు నుంచి చూస్తే దీనికి మరొక ప్రాముఖ్యం ఉంది.

కమలాబాయి తర్వాతి చిత్రాలు 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల'. సర్వోత్తమ్ బదామీ దర్శకత్వంలో బొంబాయి సాగర్ సంస్థ నిర్మించిన ఈ రెండూ 1932 నాటివే. ఆ పైన 1933లో 'పృథ్వీపుత్ర' వచ్చింది. పాత తేదీ ప్రకారం ఆమె సినిమా ప్రవేశం 1931లో ఒక విడి ఘటన; తర్వాతి చిత్రాలు దాని కొనసాగింపు. సవరించిన తేదీని బట్టి 1932 ఒక్క సంవత్సరంలోనే ఆమె మూడు తెలుగు టాకీల్లో ప్రధాన స్త్రీ పాత్రధారిణిగా ప్రేక్షకుల ముందుకు వచ్చింది. లీలావతి, సీత, శకుంతల అనే మూడు పాత్రలు కొద్ది నెలల వ్యవధిలో ఒకే నటి రూపంలో తెరకెక్కాయి. కాబట్టి ఆమెను 'తొలి చిత్రంలో నటించిన నటి'గా చెప్పడం కంటే, తెలుగు టాకీ తొలి సంవత్సరాన్ని తన భుజాల మీద మోసిన నటిగా గుర్తించడం సమంజసం. మొదటిది కాకతాళీయమైన గౌరవం. రెండవది చేసిన పనికి దక్కవలసిన గుర్తింపు.

కంఠం, మైకు, బొంబాయి

తొలి టాకీలు రంగస్థల నటులను ఎందుకు వెదికాయన్నదానికి సాంకేతిక కారణం స్పష్టం. నేపథ్యగానం ఇంకా రాలేదు. నటించేవారే చిత్రీకరణ సమయంలో పాడాలి. మైకు చిత్రంలో కనిపించని చోట ఉంటుంది. దాని పరిధి దాటి కదలకూడదు. ఒక దృశ్యం మధ్యలో తప్పు దొర్లితే మొదటి నుంచి తీయాలి. సుదీర్ఘమైన పద్య నాటకాన్ని తడబాటు లేకుండా నడిపే అభ్యాసం ఉన్నవారే దీనికి తగినవారు. మూకీ చిత్రాల్లో పేరు తెచ్చుకున్న తారలకు తెలుగు పలుకు, పద్యం రావు. తెలుగునాట పేరున్న సత్యభామలు, చిత్రాంగులు ఎక్కువగా పురుషులు. ముఖాన్ని దగ్గరగా చూపే కెమెరా ముందు పురుషుడి స్త్రీ వేషం నిలవడం కష్టం. స్త్రీ అయి ఉండి, పద్యం పాడగలిగి, పౌరాణిక పాత్రలు కంఠస్థమై ఉండి, కుటుంబంతో సహా దూరప్రాంతానికి కదలగలిగిన నటి కావాలంటే సురభి వైపు చూడక తప్పలేదు. అంతవరకు నాటక విమర్శ పట్టించుకోని వృత్తి సంప్రదాయాన్ని సాంకేతిక అవసరం వెలికితీసింది.

రంగస్థల శిక్షణ అక్కరకు వచ్చినంతగానే అడ్డూ వచ్చి ఉండాలి. చివరి వరుసకు వినిపించే కంఠాన్ని కొన్ని అడుగుల దూరంలోని మైకుకు తగ్గించాలి. ఎదుట ప్రేక్షకుడు లేడు. పద్యం ముగియగానే చప్పట్లు లేవు. సురభి వేదికపై తల్లి, పిన్ని, అన్న మధ్య నటించిన నటి, భాష తెలియని సాంకేతిక నిపుణుల మధ్య నటించవలసి వచ్చింది. అప్పటికి తెలుగు చిత్రాలకు తెలుగునాట గానీ మద్రాసులో గానీ వసతి లేదు. వేల్ పిక్చర్స్ వారి 'సీతాకల్యాణం' (1934) వరకు తెలుగు టాకీ బొంబాయి, కలకత్తాల్లోనే తయారైంది. సంచారం సురభివారికి కొత్త కాదు. డేరా వెంట కుటుంబం మొత్తం కదిలే సంచారం వేరు. స్టూడియో పిలుపు మీద నటి కదిలే సంచారం వేరు. మొదటిసారిగా ఆమె శ్రమకు సమాజం నుంచి వేరైన లెక్క, తన పేరు మీద ప్రకటన ఏర్పడ్డాయి. సినిమా ఆమెకు చేసిన నిజమైన మార్పు ఇదే.

కమలాబాయి తర్వాత తెరకు వచ్చిన రంగస్థల నటీమణుల దారులు ఇందుకు పోలికగా నిలుస్తాయి. సొంతంగా నాటక సమాజం నడిపిన దాసరి కోటిరత్నం 'సతీ సక్కుబాయి' (1935)తో తెరపై నిలిచింది. ఏలూరు రంగస్థలంపై ఎదిగిన కన్నాంబ 'హరిశ్చంద్ర' (1935)లో చంద్రమతిగా, 'ద్రౌపదీ వస్త్రాపహరణం' (1936)లో ద్రౌపదిగా మెప్పించి, ఆ పైన చిత్ర నిర్మాణ సంస్థకు అధిపతి అయింది. వీరు మార్కెట్లో తమ స్థానాన్ని తామే నిర్ణయించుకోగలిగారు. సినిమా కేంద్రం మద్రాసుకు మారుతున్న సమయంలో కమలాబాయి బొంబాయిలో ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. 1930ల మధ్యనుంచి తెలుగు ప్రేక్షకుడు చూసిన నాయికల వరుసలో అందువల్ల ఆమె స్థానం వెనుకపడింది. మొదట వచ్చినవారికే అన్నీ దక్కుతాయన్న భావన నటీమణుల విషయంలో నిజం కాదు.

లీలావతి నుంచి కాంతమ్మ దాకా

'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యం కాదు. తెలుగు తొలి కథానాయిక అభినయాన్ని చూసే అవకాశం ఆ చిత్రం ద్వారా లేదు. ఆమె నటనను నేటి పరిశోధకుడు సులభంగా చూడగలిగేది 'పాతాళభైరవి' (1951)లో. విజయా సంస్థ నిర్మించి, కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో తోటరాముడి తల్లి కాంతమ్మ ఆమెయే. ఆ చిత్రాన్ని అనేక పర్యాయాలు చూసిన ప్రేక్షకుల్లో ఎందరికో ఆ తల్లి, తొలి టాకీ నాయిక ఒకరేనన్న సంగతి తట్టదు.

కాంతమ్మ పెద్ద పాత్ర కాదు. సాహసం, ప్రేమ, మాంత్రికుడి కుతంత్రం కథను నడుపుతాయి. తల్లి ఇంటి దగ్గర ఉంటుంది. అయినా ఆ జానపద ప్రపంచం నమ్మదగినదిగా ఉండడంలో ఆమె పాత్ర ఉంది. కొడుకు పేద తోటమాలి ఇంటివాడన్న సంగతిని ప్రేక్షకుడు మరచిపోకుండా చేసేది తల్లే. ఎన్.టి. రామారావు వీరత్వం, ఎస్.వి. రంగారావు వాచికం మధ్య ఆమెకు దక్కినది ఇంటి మాట. 1951 నాటికి నేపథ్యగానం స్థిరపడింది. ఏ కంఠం కోసం సినిమా ఆమెను 1932లో పిలిచిందో ఆ పద్యకంఠం అవసరం ఇప్పుడు లేదు. మిగిలినది పలుకు, చూపు, తల్లి తత్తరపాటు. పద్యనాటక నటులపై తరచూ వినవచ్చే అతినటన అన్న ఆక్షేపణకు ఈ పాత్ర సమాధానం. కంఠాన్ని తగ్గించవలసిన చోట తగ్గించగల నేర్పు ఆమెకు ఉంది.

లీలావతి, కాంతమ్మ ఇద్దరూ తల్లులే కావడం ఆలోచించదగినది. తొలి టాకీ నాయిక అని మనం పిలిచే పాత్ర నిజానికి ప్రేమకథా నాయిక కాదు. భర్త ఆజ్ఞకు, బిడ్డ భక్తికి మధ్య నలిగే తల్లి. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో అంజలీదేవి ధరించిన లీలావతి ద్వారా ఆ పాత్రలోని కరుణరస ప్రాధాన్యం తర్వాతి తరాలకు పరిచితమైంది. 'కథానాయిక' అన్న మాటను తర్వాతి సినిమా అర్థంతో 1932కు ఆపాదించడం వల్ల ఆ పాత్ర స్వభావం, దానిని ధరించిన నటి శక్తి రెండూ మరుగున పడ్డాయి. పౌరాణిక నాటకం నటికి నాయికాత్వాన్ని వయసుతో ముడిపెట్టకుండా ఇచ్చింది. సాంఘిక, జానపద చిత్రాలు దానిని యౌవనంతో ముడిపెట్టాయి. ఇరవై ఏళ్ళలో కమలాబాయి కథ మధ్యనుంచి కథ అంచుకు జరగడం వ్యక్తిగత ప్రాభవ క్షయం కాదు. ప్రక్రియ మారడం వల్ల జరిగిన స్థానచలనం.

తెర నుంచి డేరాకు

సినిమాకు సురభి ఇచ్చినదాన్ని గుర్తుచేసుకున్నట్టే, సినిమా నుంచి సురభి తీసుకున్నదాన్ని కూడా చూడాలి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' నాటకాలు సురభి ప్రదర్శనల్లో నేటికీ ప్రసిద్ధమైనవి. నాటకం సినిమాగా మారడం మామూలు. ఒక విజయవంతమైన జానపద చిత్రం కథ డేరాలోకి వచ్చి, తెర మీది మాయలను తీగలతో, తెరలతో ప్రేక్షకుల కళ్ళెదుటే చేసి చూపడం అరుదు. సురభి నటి తల్లిగా నటించిన చిత్రం సురభి నాటకంగా రూపొందడంతో, ఆ పాత్ర తిరిగి ఆ కుటుంబాల స్త్రీలకే చేరింది. కాంతమ్మ వేషం వేసే నేటి నటికి అది వారసత్వంగా వచ్చిన పాత్రే.

1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఈ సంప్రదాయాన్ని ఈనాటి వరకు నిలిపిన ప్రధాన సంస్థ. దానిని నడిపిన ఆర్. నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ లభించింది. ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులతో 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలను రూపొందించాడు. బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ అయిన 'బస్తీ దేవత యాదమ్మ' స్త్రీ ప్రధానమైనది. పౌరాణిక పాత్రలకే పరిమితమని భావించిన సురభి నటి ఆధునిక పాత్రను మోయగలదని అది నిరూపించింది. ఈ శక్తి హఠాత్తుగా వచ్చినది కాదు. పాత్రల నిచ్చెన ఎక్కుతూ వచ్చిన తరాల అభ్యాసం దాని వెనుక ఉంది.

ముగింపు

కమలాబాయి నటజీవితాన్ని సమగ్రంగా చూసినప్పుడు కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. తెలుగు రంగస్థలంపై స్త్రీ ప్రవేశం విద్యావంతుల సంస్కరణతో మొదలుకాలేదు. వృత్తి కుటుంబాల్లో అది ముందే ఉంది. ఆ కుటుంబ వ్యవస్థ నటికి గౌరవాన్నిచ్చింది, ఆమె వ్యక్తిగత కృషిని సమాజం పేరులో కలిపివేసింది. తొలి టాకీ ఆమెను వేరు చేసి పేరుతో నిలిపింది, అయితే ఒకే ఒక చిత్రానికి ఆ పేరును కట్టివేసింది. 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ సవరణను ఆమె వృత్తి క్రమానికి అన్వయిస్తే 1932 సంవత్సరపు మూడు చిత్రాలూ కలిసి కనిపిస్తాయి. 'పాతాళభైరవి'ని ఆమె నటనకు ఆధారంగా చదివితే రంగస్థల శిక్షణ తెరకు తగినట్టు ఒదిగిన తీరు తెలుస్తుంది.

నాటక చరిత్రను రచయితల, నాటకాల, సభల వరుసగా రాసినంత కాలం నటి ఆ చరిత్రకు అనుబంధంగానే మిగులుతుంది. అచ్చయిన నాటకం గ్రంథాలయంలో దొరుకుతుంది, ప్రదర్శన దొరకదు. అందువల్ల సాహిత్య విభాగాల పరిశోధన సహజంగానే పాఠం వైపు మొగ్గింది. పాత్రల కేటాయింపు, ప్రకటన పత్రాలు, గ్రామఫోన్ రికార్డులు, మిగిలిన చిత్రాల ప్రతులు, కుటుంబాల జ్ఞాపకాలు కూడా పాఠాలేనని అంగీకరిస్తే ఈ మొగ్గు సరిదిద్దుకోవచ్చు. సురభి సమాజాల సంఖ్య వేళ్ళమీద లెక్కించే స్థాయికి వచ్చిన ఈ దశలో, ఆ కుటుంబాల వృద్ధ నటీమణుల కంఠస్థ పద్యాలను, పాత్రల జ్ఞాపకాలను వారి పేర్లతో, వారి మాటల్లో నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. కమలాబాయి పేరు ఒక తొలి చిత్రం వల్ల మిగిలింది. ఆమెతోపాటు వేదికపై నిలిచిన ఇతర స్త్రీలకు ఆ పాటి ఆధారం కూడా లేదు.